పెద్దలకు మాంత్రిక నవల: కానుకను ఎంచుకునే తీరు

పదవీ విరమణకో, షష్టిపూర్తికో, గృహప్రవేశానికో పెద్దవారికి పుస్తకం ఇవ్వాలనుకునేవారు సాధారణంగా గీతా వ్యాఖ్యానాన్నో, ఒక మహనీయుడి జీవిత చరిత్రనో, ఆరోగ్య సూత్రాల సంకలనాన్నో తీసుకుంటారు గాని, మాంత్రికుడూ మాయాద్వీపమూ ఉన్న నవలను పట్టుకువెళ్లడానికి జంకుతారు. ఆ జంకుకు కారణం లేకపోలేదు. సాగదీసిన సంజాయిషీని ‘కాశీమజిలీ కథలు చెప్పొద్దు’ అని కొట్టిపారేసే అలవాటు తెలుగునాట పాతుకుపోయింది. మాయలూ మంత్రాలూ చిన్నపిల్లల సరుకనీ, నలభై దాటినవారి చేతిలో అవి అంత గౌరవంగా కనిపించవనీ చాలామంది నమ్మకం. మాంత్రిక నవల అంటే లోకనియమాలకు లొంగని శక్తి ఏదో ఒకటి కథను నడిపించే సుదీర్ఘ వచన రచన. అటువంటి రచనను పెద్దవారికి కానుకగా ఎంచుకునేటప్పుడు చూసుకోవలసిన విషయాలను ఈ అధ్యాయం పరిశీలిస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా నెల్లూరు సీమవి, అందులోనూ నెల్లూరుకు తూర్పున సుమారు 25 కిలోమీటర్ల దూరాన, ఇందుకూరుపేట మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న మైపాడువి. ఎందుకంటే పుస్తకం ఎవరి చేతికి వెళుతుందన్నదే కాక, అది ఏ గాలిలో, ఏ వేళప్పుడు తెరుచుకుంటుందన్నది కూడా ఎంపికలో భాగమే.

పెద్దవారికి అద్భుత కథల పుస్తకం సమర్పించడంలో నెల్లూరుకు ఏడు వందల ఏళ్లు దాటిన పూర్వోదాహరణ ఉంది. 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన, దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితాన్ని తెలుగు కావ్యంగా మలచి తిక్కనకు అంకితమిచ్చాడు. అంకితమంటే రచనను ఒక వ్యక్తికో దైవానికో పేరుపెట్టి సమర్పించడం. దాన్ని స్వీకరించినవాడు ఆ రచనకు కృతిభర్త అవుతాడు. ఇక్కడి కృతిభర్త నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కొలువులో మంత్రి, మహాభారతంలో పదిహేను పర్వాలను తెనిగించిన కవి, లోకవ్యవహారం క్షుణ్ణంగా తెలిసిన మనిషి. అటువంటివాడి పేర వెలసిన కథలో రాజవాహనుడు మాతంగుడనే వాడి వెంట బిలమార్గాన పాతాళానికి దిగుతాడు. మాతంగుడు తన దేహాన్ని హోమాగ్నికి ఆహుతి చేసి కొత్త దేహంతో లేచి వస్తాడు. ఆకలిదప్పులను పోగొట్టే మణి ఒకటి రాజవాహనుడి చేత పడుతుంది. ఆపైన ఒక ఐంద్రజాలికుడు, అంటే కనికట్టు విద్యలో ఆరితేరినవాడు, అవంతీసుందరితో అతని పెళ్లిని నిండు సభలో గారడీ ప్రదర్శనగా నమ్మించి నిజంగానే జరిపించేస్తాడు. దొంగలు, జూదరులు, మునినే బోల్తా కొట్టించిన వేశ్య ఇదే కథావరణంలో తిరుగుతుంటారు. కేతనకు ఈ రచన ‘అభినవదండి’ అన్న ప్రశస్తిని తెచ్చిందే గాని, మంత్రిగారికి పిల్లల కథలు అంటగట్టాడన్న నింద తేలేదు. మాయల కథ పసివాళ్లదనే అభిప్రాయం, కాబట్టి, మన సంప్రదాయం నుంచి వచ్చింది కాదు. అది తరువాతి కాలంలో అతుక్కున్నది.

ఆలంకారికుల దృష్టి కూడా ఇటువంటిదే. నాట్యశాస్త్రం చెప్పిన రసాల్లో అద్భుతం ఒకటి. దాని స్థాయిభావం, అంటే మనసులో స్థిరంగా ఉండి రసంగా పరిణమించే మూలభావం, విస్మయం. భరతుడు ఈ అద్భుతాన్ని దివ్యమనీ ఆనందజమనీ రెండుగా విభజించాడు: దివ్యదర్శనాల వల్ల కలిగేది మొదటిది, పట్టలేని సంతోషం వల్ల కలిగేది రెండవది. ఈ రెండింటికీ వయోపరిమితి ఎక్కడా చెప్పలేదు. పాశ్చాత్య దేశాల్లో నవలా రచయిత టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో, అద్భుత కథలను పిల్లలకు కట్టబెట్టడం ఇళ్లలో యాదృచ్ఛికంగా ఏర్పడిన ఆనవాయితీయే తప్ప ఆ కథల స్వభావం కాదని వాదించాడు. అయినా బిడియం అంత సులువుగా పోయేది కాదు. హ్యారీ పాటర్ మొదటి నవల 1997లో వెలువడిన మరుసటి ఏడాదే లండన్ ప్రచురణకర్తలు అదే కథను పెద్దలకోసం వేరే అట్టతో మళ్లీ వేశారు. లోపల ఒక్క అక్షరమూ మారలేదు, బయట బొమ్మ మాత్రమే గంభీరమైంది. కానుక ఇచ్చేవారు ఈ కిటుకును గుర్తుపెట్టుకోవడం లాభదాయకం: ఒకే నవలకు రెండు మూడు రకాల అట్టలు దొరికినప్పుడు, ఎదుటివారు బస్సులోనో బ్యాంకు వరుసలోనో బిడియపడకుండా పట్టుకోగలిగినదాన్ని తీసుకోవాలి.

ఎంపికలో అసలు మెలిక అట్టకన్నా లోతైనది. ఏ పాఠకుడైనా మాయను నమ్మడు. నమ్మినట్టుగా ఉండటానికి ఒప్పుకుంటాడు. ఆ ఒప్పందం షరతులు మనిషికీ మనిషికీ మారుతాయి. విమర్శకురాలు ఫారా మెండెల్‌సన్ 2008లో, మాయ కథలోకి ఏ దారిన వస్తుందన్నదాన్ని బట్టి అద్భుత నవలలను వర్గీకరించింది. కానుకకు అందులో మూడు వర్గాలు తెలిస్తే చాలు. మనలోకపు మనిషి ఒక ద్వారం దాటి మాయాలోకంలో అడుగుపెట్టేది మొదటి రకం; రాజవాహనుడి బిలమార్గం అటువంటి ద్వారమే. కథ మొదటి వాక్యం నుంచే వేరొక లోకంలో, ఆ లోకపు భూగోళంతో, చరిత్రతో, ధర్మాలతో సాగేది రెండవ రకం. దానికి టోల్కీన్ ‘ద్వితీయ జగత్తు’ అన్న అర్థమిచ్చే పేరు పెట్టాడు. మన వీధిలోకి, మన వంటింట్లోకి మాయ చొరబడేది మూడవ రకం. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’లో చేతబడి ఒక మామూలు కుటుంబపు పసిపిల్ల మీదికి వచ్చిపడటం దీనికి తెలుగులో అందరికీ తెలిసిన ఉదాహరణ. మొదటి రకం కొత్త పాఠకుడిని చెయ్యిపట్టి నడిపిస్తుంది. రెండవది యాభై పేజీల ఓపిక అడుగుతుంది. మూడవది ఓపిక అడగదు గాని నిద్ర చెడగొడుతుంది.

ఎదుటివారు వీటిలో దేనికి ఒప్పుకుంటారో కనుక్కోవడానికి ‘మీకు ఫాంటసీ నవలలు ఇష్టమా?’ అని అడగడం వృథా. చాలామంది లేదనే అంటారు. సినిమాల ప్రస్తావన తీసుకురావడం మంచి ఉపాయం, ఎందుకంటే పుస్తకాల విషయంలో పెద్దరికం అడ్డొచ్చినవారు కూడా సినిమాల దగ్గర మొహమాటపడరు. 1951 నాటి ‘పాతాళభైరవి’ని కళ్లు మెరిపిస్తూ తలచుకునేవారికి సాహసం, గుహలు, ఫలించే కోరిక కావాలి, 1957 నాటి ‘మాయాబజార్’ను సంభాషణలతో సహా అప్పగించేవారికి మాయ వల్ల పుట్టే హాస్యం, పెళ్లింటి సందడి కావాలి, 2009లో వచ్చిన ‘అరుంధతి’ని మళ్లీ మళ్లీ చూసేవారు మూడవ రకపు చొరబాటునూ దానితో వచ్చే భయాన్నీ కోరుకుంటారు. ‘పాతాళభైరవి’ అభిమానికి మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ తడుముకోకుండా ఇవ్వవచ్చు. ‘మాయాబజార్’ అభిమానికి హాస్యం లేని పురాణ గాంభీర్యం ఇస్తే పుస్తకం బీరువా ఎక్కుతుంది. అటువంటివారు ఇంగ్లీషు చదివేవారైతే టెర్రీ ప్రాచెట్ డిస్క్‌వరల్డ్ నవలలు నప్పుతాయి. అవి మొత్తం 41 అయినా, చాలావాటిని విడివిడిగా చదువుకోవచ్చు. అసలు మాయలే గిట్టవని, ‘బాహుబలి’ వంటి రాజ్యాల పోరాటం మాత్రమే చాలునని అనేవారికి మాంత్రిక నవల బలవంతంగా అంటగట్టకుండా, చారిత్రక నవల ఇవ్వడమే న్యాయం.

చదివే వేళ గురించి మైపాడు చక్కని పాఠం చెబుతుంది. ఈ తీరంలో రొయ్యల గుంటలున్న రైతుకు రాత్రి అంటే నిద్రవేళ కాదు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది గాని, చీకటి పడ్డాక ఆ నాచూ రొయ్యలూ కలిసి దాన్ని పీల్చుకోవడమే తప్ప కొత్తగా పుట్టదు. అందువల్ల నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. ఆ గంటల్లో నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగకుండా తిరగాలి, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి, మేత వేశాక చెక్ ట్రే పైకి లాగి ఎంత తిన్నాయో చూడాలి. షెడ్డులో మంచం మీద, బల్బు కింద, మోటార్ల హోరులో మేలుకుని ఉండే ఆ మనిషికి చదివే తీరిక లేదనుకోవడం పొరపాటు. అతనికి తీరిక ఉంది, కాని అది అరగంట ముక్కలుగా ఉంది. పాత్రల వంశవృక్షం, పటం, పదకోశం ముందు పెట్టుకుని చదవవలసిన వెయ్యి పేజీల ద్వితీయ జగత్తు ఆ ముక్కల్లో ఇమడదు. చెక్ ట్రే చూసి తిరిగి వచ్చేసరికి ఏ రాజు ఏ రాజుకు తమ్ముడో మరచిపోయే పరిస్థితి అది.

‘కాశీమజిలీ కథలు’ అమరిక అటువంటి రాత్రుల కోసమే చేసినట్టు ఉంటుంది. పన్నెండు భాగాల ఈ బృహద్గ్రంథంలో మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరుతూ ఒక గోపబాలుణ్ణి తోడు తీసుకుంటాడు. దారిలో ప్రతి మజిలీలోనూ తన కంటపడిన వింతకు కారణం చెప్పాలన్నది ఆ పిల్లవాడి షరతు. ఒక వింత, దానికొక కథ, ఆ కథ కడుపులో మరికొన్ని కథలు. ప్రయాణం ఆగిన చోట పుస్తకం మూయవచ్చు, మర్నాడు అక్కడి నుంచే అందుకోవచ్చు. దీక్షితులవారి మూలభాష గ్రాంథికం కాబట్టి అలవాటు లేనివారిని అది మొదట్లో నిలవరిస్తుంది. వాడుక భాషలో తిరగరాసిన ప్రతులూ ఉన్నాయి గనుక, కొనేముందు లోపలి పేజీ ఒకటి చదివి చూసుకోవాలి. పన్నెండూ ఒక్కసారిగా మోసుకువెళ్లడం కానుక కాదు, బాధ్యత అంటగట్టడం. మొదటి భాగం ఒక్కటి ఇచ్చి ఊరుకోవాలి.

వేట మీద బతికేవారి ఏడాది ఇంకో రకంగా ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, చేపలు గుడ్లుపెట్టే కాలమని మరపడవల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. వలలు బాగుచేసుకుంటూ, పడవలకు రంగులు వేసుకుంటూ గడిపే ఆ రెండు నెలల్లో ఇంటిపట్టున ఉండే మధ్యాహ్నాలు దొరుకుతాయి. పుట్టినరోజు ఎప్పుడైతేనేం, దొడ్డ నవలను ఇచ్చేందుకు ఆ కాలమే అనువు. ఇక్కడే మరో సంగతి ఆలోచించాలి: సముద్రం తెలిసినవాడికి సముద్రం మీద నడిచే మాంత్రిక కథ ఇస్తే, రచయిత సముద్రాన్ని ఎరిగినవాడో కాదో మూడు పేజీల్లో పట్టేస్తాడు. ఆ పరీక్షకు నిలబడే నవల అర్సులా లెగ్విన్ 1968లో రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’. అందులో లోకమంతా దీవులే. ఊరూరా గాలినీ వాననూ అదుపుచేసే మాంత్రికులు ఉంటారు. వారిని పడవల్లో వెంట తీసుకువెళతారు. ప్రతి వస్తువుకూ ఒక నిజనామం ఉంటుందనీ, అది తెలిసినవాడికే ఆ వస్తువు లొంగుతుందనీ అక్కడి మంత్రశాస్త్రం. అయితే ఒకచోట వాన కురిపిస్తే మరొకచోట కరవు రావచ్చునని, సమతౌల్యం చెడగొట్టే మంత్రం వేయకపోవడమే విద్య అని గురువులు నేర్పుతారు. కథానాయకుడు గెడ్ గర్వంతో తానే విడిచిపెట్టిన నీడను చిన్న పడవలో సముద్రాల మీద వెంటాడతాడు. యుద్ధాలు లేవు, రాజ్యాల గొడవ లేదు, పుస్తకమూ మరీ పెద్దది కాదు. ఇంగ్లీషులో నవల చదివే అలవాటున్న తీరప్రాంతపు పెద్దవారికి, టోల్కీన్ మూడు సంపుటాల నవలకన్నా ముందు దీన్ని ఇవ్వడం మంచిదని ఖండితంగా చెప్పవచ్చు.

చందమామ చదువుతూ పెరిగిన తరం సంగతి వేరు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి మొదలుపెట్టిన ఆ పత్రికలో, 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటివి, నెలనెలా లక్షల ఇళ్లలో ఎదురుచూపు పుట్టించాయి. వాటిలో కొన్ని ఇప్పుడు పుస్తకాలుగా దొరుకుతున్నాయి. అరవై దాటినవారికి ఇవి ఇస్తే కలిగే సంతోషం నిజమైనదే. అయినా అందులో పాత స్నేహితుడిని చూసిన సంతోషం పాలే ఎక్కువ, కొత్త విస్మయం పాలు తక్కువ. బొమ్మలు లేని ప్రతి ఇవ్వడం మాత్రం తగదు, ఎందుకంటే ఆ తరానికి చిత్రకారుడు చిత్రా గీసిన మాంత్రికుడి ముఖమే కథలో సగం.

తెలుగు రాని, లేదా మాట్లాడటమే తప్ప చదవలేని ప్రవాసుల పిల్లలు ఇప్పుడు ముప్పైల్లో, నలభైల్లో ఉన్నారు. వారికి ఇవ్వదగినది పింగళి సూరన 16వ శతాబ్దంలో రాసిన ‘కళాపూర్ణోదయం’. ఎనిమిది ఆశ్వాసాల ఈ పద్యకావ్యాన్ని వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ‘ది సౌండ్ ఆఫ్ ది కిస్’ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చారు. 2002లో కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని ప్రచురించింది. రంభ రూపం ధరించిన కలభాషిణి, నలకూబరుడి రూపం ధరించిన మణికంధరుడు ఒకరినొకరు అసలువారనుకోవడంతో పుట్టే చిక్కుముడి, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథే లోకంలో నిజమై నడవడం, చదివేవారి తెలివితేటలను గౌరవించే కల్పనలు. ఇది కాలక్షేపానికి తిరగేసే పుస్తకం కాదు. మురకామీనో సుసానా క్లార్క్‌నో ఇష్టంగా చదివేవారికైతే ఇంతకన్నా తగిన తెలుగు కానుక మరొకటి కనిపించదు.

కొన్ని జాగ్రత్తలు క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఇంట్లో పసిపిల్ల ఉన్నవారికి, ఇటీవలే ఆత్మీయులను పోగొట్టుకున్నవారికి క్షుద్రవిద్యల నవల ఇవ్వకూడదు. దేవుళ్లను పాత్రలుగా చేసిన నవలల విషయంలో భక్తుల మనసు చూడాలి; అమీష్ త్రిపాఠీ 2010లో మొదలుపెట్టిన శివుడి నవలాత్రయంలో శివుడు మనిషిగా పుట్టి దేవుడిగా గుర్తింపు పొందే నాయకుడు, కార్తీక సోమవారాలు ఉపవాసముండే పెద్దమ్మకు అది కథగా కాక అపచారంగా తోచవచ్చు. ముగింపు రాని నవలామాలికను ఇవ్వడం ఇంకో తప్పు: జార్జ్ మార్టిన్ 1996లో ఆరంభించిన మంచు నిప్పుల గాథ నేటికీ పూర్తి కాలేదు, ఎనభై ఏళ్ల పెద్దాయనకు దాన్ని చేతికివ్వడంలో ఒక క్రూరత్వం ఉంది.

పుస్తకం వస్తువుగా ఎలా ఉందన్నది చాలామంది పట్టించుకోరు. నలభై దాటితే చత్వారం వస్తుంది, అంటే దగ్గరి అక్షరాలు మసకబారుతాయి. చౌక ప్రతుల్లోని సన్నటి ముద్రణ ఎంత గొప్ప మాయనైనా చంపేస్తుంది. గుంటల దగ్గరి బల్బు వెలుగుకు పెద్ద అక్షరం, పసుపు తేలని కాగితం కావాలి. మైపాడు గాలిలో ఉప్పూ తేమా ఉంటాయి కాబట్టి జిగురుతో మాత్రమే అంటించిన అట్ట రెండు వానాకాలాలకు ఊడుతుంది. కుట్టు బైండింగు ఉన్న ప్రతి పది రూపాయలు ఎక్కువైనా తీసుకోవాలి. రేకు షెడ్డులో గోడకు ఆనించి పెట్టకుండా మూత ఉన్న డబ్బాలో దాచుకొమ్మని చెప్పడం కూడా కానుకలో భాగమే. ఇవన్నీ చేత్తో తిరగేసి చూస్తేనే తెలిసే సంగతులు గనుక, నెల్లూరులో మైపాడు గేటు దగ్గర బస్సెక్కేముందే ఊళ్లోని దుకాణాల్లో చూసుకుని కొనడం, వీలైతే జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం దాకా ఆగడం మంచిది.

ఇచ్చేవారు ఆ నవలను చదివి ఉండాలా అన్న ప్రశ్నకు నెల్లూరు రొట్టెల పండుగ సమాధానం చెబుతుంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు దాన్ని పుచ్చుకుంటారు. చదువు రొట్టె ఉద్యోగం కోరినవారికి వెళ్లదు, తనకు ఫలించనిది ఎవరూ ఇవ్వరు. మాంత్రిక నవలను ఇవ్వవలసిన తీరు అదే. పేరు విని, బహుమతుల జాబితా చూసి, చదవకుండా ఇచ్చిన నవల చాలాసార్లు గురితప్పుతుంది. తాను చదివి, ఏ ఘట్టం దగ్గర పుస్తకం దించలేకపోయిందీ చెప్పగలిగినవారు ఇచ్చినది మామూలు నవలే అయినా తెరుచుకుంటుంది. అంతా చదివే తీరిక లేనప్పుడు మొదటి మూడు అధ్యాయాలైనా చదవాలి, ఎందుకంటే కానుక పుచ్చుకున్నవారు ఆగిపోయేదీ, సాగిపోయేదీ అక్కడే తేలిపోతుంది.

ఇచ్చేటప్పుడు పుస్తకంలో పెట్టే ఒక విడి చీటీ మీద పేర్లు, తేదీ రాస్తే చాలు, ఉపదేశం రాయకూడదు. ఇచ్చాక నెల తిరగకుండా ‘చదివారా?’ అని అడగకూడదు, ఆ ప్రశ్న కానుకను హోంవర్కుగా మారుస్తుంది. దుకాణం రసీదును మాత్రం పుస్తకంలోనే ఉంచాలి, మార్చుకునే వీలు పుచ్చుకున్నవారికి ఉంటుంది.